ముక్కుల్లో ఆముదం

మా మేనత్త పోయాక ఆమె మొండితనాన్ని అందరూ మెత్తబరిచి చెబుతున్నారు. నేను మెత్తబరచను. పాన్‌గల్‌లో ఎవరింట పసిబిడ్డ పుట్టినా, స్నానం వేళకు పిలవకుండానే వెళ్లి కూర్చునేది. అక్కడి ముసలమ్మలకు ఆమె పొడ గిట్టేది కాదు.

నా కూతురు పుట్టినప్పుడు వనపర్తికి కూడా వచ్చింది. ముందురోజే పిల్ల మోచేతికి ఆముదం చుక్క రాసి, దద్దు రాలేదని చూశాకే స్నానానికి ఒప్పుకుంది. మా అత్తగారు కాళ్లు చాపి, పిల్లను వాటిమీద పడుకోబెట్టుకుని, మాడుకు నూనె అద్దింది, ఒంటికి పలచగా రాసింది. ముక్కుల్లో వేయడానికి మళ్లీ వేలు ముంచింది. మేనత్త పిల్ల ముఖానికి అరచేయి అడ్డం పెట్టింది.

"మాడుకు పెట్టు, ఒంటికి రాయి. ముక్కులల్ల, చెవులల్ల పోయనియ్య."

"మనమందరం గిట్లనే పెరిగినం గద వదినా. ఎవలన్న సచ్చిండ్రా?"

"నా కొడుకు సచ్చిండు. నూనె ఊపిరిల దిగింది. ఆనాడు మా అత్త ముంగట నోరు మెదపలే. ఇప్పుడు ఎవల ముంగటైనా మాట్లాడుత."

మా అత్తగారు వేలికున్న నూనెను తన మడమకు రాసుకుంది. నీళ్లు పోయడం అయ్యాక, సాంబ్రాణి నిప్పులు దగ్గరికి లాక్కుంటూ అడిగింది.

"పొగ గూడ వద్దంటవా ఏంది?"

"వద్దు," అంది మేనత్త.