నాలికకు చుట్టాలుండరు

మా కల్లు దుకాణంలో కుండల రుచి చూసే పెద్దాయన పోయాడు. పొద్దున్నే కుండలు దించుకొని వచ్చినవాళ్లు ఆయన కూర్చునే అరుగు ఖాళీగా ఉండడం చూసి, కావడి భుజాన పెట్టుకొని అట్లాగే కాసేపు నిలబడ్డారు. పక్కింటివాళ్లు వచ్చి, నిద్రలోనే పోయిండని చెప్పారు. ఆ పూట కల్లు ఎవరూ రుచి చూడకుండానే తొట్టిలోకి పోయింది. నేను రోజులాగే లెక్క రాసి, తాళం వేసి వాళ్లింటికి నడిచాను.

మెట్‌పల్లి దారిలో ఉన్న ఆ దుకాణంలో నేను మున్షీని. నయాపైసలు వచ్చిన ఏడు చేరాను. అప్పటికే ఆయన అక్కడున్నాడు. గుత్తేదారు ఆయనకు అప్పగించిన పని ఒకటే. ఈత చెట్ల నుంచి దిగిన ప్రతి కుండలోంచి మోదుగాకు దొప్పలోకి కొంచెం వంచుకొని, నాలుక మీద ఆడించి, ఉమ్మేసి, మాట చెప్పాలి. బాగుంటే "పోనీ" అనేవాడు. లేకుంటే "పక్కకు" అనేవాడు. పక్కకు పెట్టిన కుండ అమ్మకానికి పోదు. నిన్నటి కల్లు అడుగున మిగిలిందనో, వాన నీళ్లు దిగాయనో, చెట్టుకు విశ్రాంతి ఇవ్వకుండా గీశారనో అడిగినవాళ్లకు చెప్పేవాడు. అడగకపోతే చెప్పేవాడు కాదు.

ఆయన చుక్క మింగగా నేను చూడలేదు. "కడుపుల వోస్కుంటె నాలిక మొద్దువడ్తది మున్షీ" అని ఒకసారి అన్నాడు. అందుకే సాయంత్రాలు ఉడికించిన శనగ గుడాలు ముందర పెట్టుకొని గుంపులుగా కూర్చున్నవాళ్లు ఆయనను పిలిచేవారు కాదు. తాగనివాడు పక్కనుంటే తాగేవాళ్లకు ఇబ్బంది. చెట్లు గీసేవాళ్లకేమో ఆయనంటే భయం. నాకూ మాటలు తక్కువే. జొన్నరొట్టె చెరిసగం తినేవాళ్లం. లేచేటప్పుడు "పోదమా" అనేవాడు, అంతే.

పోచమ్మ ముందు నేల మీద సాకగా పోసే కల్లు కూడా ఆయన చూసి సరే అన్న కుండలోదే కావాలి. ఒక ఏడు ఆ వంతు, చెట్లు గీసే ఆయన సొంత అన్నకు వచ్చింది. అన్న నవ్వుతూ కుండ దించి, "మీ వదిన కడిగిన కుండరా, దీన్ల చూసుడేముంది" అన్నాడు. పెద్దాయన దొప్ప నోటికెత్తాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు నాలుక మీద ఉంచుకున్నాడు. తర్వాత "పక్కకు" అన్నాడు.

"ఊరందరి ముంగట ఇజ్జత్ దీసినవ్."

"నాలికకు చుట్టాలుండరన్నా."

ఆనాటి నుంచి అన్న మాట్లాడలేదు. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. అన్న కుండలు మరొకరి కావడిలో వచ్చేవి. చుట్టూ ఎవరూ లేనప్పుడు ఆయన నన్ను అడిగేవాడు, అన్న ఇయ్యాల చెట్టెక్కిండా అని. ఎక్కాడని చెప్పేవాణ్ణి. తలూపేవాడు. భార్య పోయాక ఆ ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు. గోడ అవతల దగ్గు వినిపిస్తే నిద్ర పడుతుందని ఒకసారి చెప్పాడు.

ఆయన పోయిన రోజు ఖానాపూర్ నుంచి కూతురు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పాడె లేపే ముందు పోయినవాళ్ల పెదవులకు కల్లు తాకించడం వాళ్లింటి ఆచారం. ఎవరు తెస్తారా అని చూస్తుండగా అన్న కుండతో వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన తమ్ముని దగ్గరికి పోలేదు. గోడ వారగా నిలబడ్డ నా దగ్గరికి వచ్చి దొప్పలో కల్లు వంచాడు.

"ఇన్నేండ్లు వాని పక్కపొంటి కూసున్నవ్. జర చూడు."

నాలుక మీద ఉంచుకున్నాను. తీపి వెనుక నిన్నటి పులుపు సన్నగా తగిలింది. బాగుందంటే అంతటితో అయిపోయేది. కూతురు నా ముఖం చూస్తున్నది. ఉమ్మేశాను.

"పక్కకు" అన్నాను.

అన్నకు కోపం రాలేదు. కుండలోకి చూస్తూ, "వాడు గూడ గిదే అంటుండె" అన్నాడు. కల్లు పారబోశాడు. తనే బూడిదతో కుండను లోపలి దాకా తోమి, నీళ్లు మార్చి మార్చి కడిగాడు. గోడ అవతల తన పెరట్లోని ఈత చెట్టు మెల్లగా ఎక్కి, కొత్తగా గీత వేసి, కుండ కట్టి దిగాడు. పొద్దు వాలుతున్నదని పెద్దలు అన్నారు. ఆయన చెట్టు మొదట్లో కూర్చున్నాడు. పాడె ఎవరూ లేపలేదు.

గోడకు ఇవతల తమ్ముడు పడుకొని ఉన్నాడు. అవతల అన్న పైకి చూస్తున్నాడు. ఖాళీ కుండలో చుక్కలు పడుతున్న చప్పుడు వాకిట్లోకి వినిపించింది. అడుగు తడిసిన కొద్దీ అది మెత్తబడింది.