గడియారం మాస్టారి ఆలస్యం

సంగీత పాఠశాలలో జాజ్ నేర్పే పియానో మాస్టారిని అందరూ గడియారం మాస్టారనేవారు. ఎదురుగా కాదు లెండి, చాటుగా. స్వరం తప్పినా క్షమిస్తాను గానీ సమయం తప్పితే క్షమించనని ముప్ఫై రెండేళ్ళుగా ఆయన ఒకటే పాట.

అలాంటి మనిషికి చివరికి ఒక్క శిష్యురాలు మిగిలింది. మిగతావాళ్ళంతా ఫోన్‌లో నేర్పే యాప్‌లకు వెళ్ళిపోయారు. ఈవిడ నలభై దాటిన నర్సు. నాలుగు గంటల దూరంలో ఉద్యోగం. డ్యూటీ దిగాక వీడియో కాల్‌లో ట్రంపెట్ నేర్చుకునేది. వార్షిక కచేరీలో ఈసారైనా జాజ్ విద్యార్థి ఒక్కరు మెప్పించకపోతే తరగతి ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ ఖరాఖండిగా చెప్పేశాడు. మాస్టారి గుండెల్లో రాయి పడింది.

ఇద్దరూ కలిసి వాయిస్తే ఆమె ట్రంపెట్ ప్రతిసారీ ఓ క్షణం వెనకే వినబడేది. నెల రోజులు మాస్టారు ఆమెను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఓ సాయంత్రం ఆమె, ఇక నా వల్ల కాదండీ అని ఫోన్ పెట్టేసింది.

పక్కగదిలోంచి ఆయన భార్య వచ్చింది. ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి.

"మాట అంత దూరం వెళ్ళి రావడానికి కాస్త టైం పట్టదా? ఆలస్యం ఆవిడది కాదు, ఫోన్‌ది. టైం టైం అని నా ప్రాణం తోడేశారే, ఇది తెలీలేదా?"

మాస్టారికి తల కొట్టేసినంత పనయింది. వెంటనే ఫోన్ చేసి, క్షమించమ్మా అన్నారు. ఆయన నోట ఆ మాట భార్య కూడా ఎన్నడూ వినలేదు.

అప్పట్నుంచి ఆయన పియానో రికార్డు చేసి పంపితే, ఆమె దాన్ని చెవిలో పెట్టుకుని వాయించి, రెండూ కలిపి పంపేది. వింటే ఏముంది, వెంట్రుకవాసి తేడా లేదు! కాల్‌లో మాత్రం వంతులు వేసుకున్నారు. ఆయన నాలుగు ఆవర్తాలు, ఆమె నాలుగు, అప్పటికప్పుడు అల్లుకుంటూ జవాబుకు జవాబు. జాజ్‌కి ప్రాణం అదే కదా. తన వంతు ముగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె కోసం ఆగడం ఆయనకు అలవాటైపోయింది.

కచేరీ రోజున ఆమె డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. రిహార్సల్‌కి వ్యవధే లేదు. ఒకే గదిలో ఇద్దరూ వాయించడం అదే మొదలు. ఇక్కడ మధ్యలో ఫోన్ లేదు కాబట్టి, ఆమె వంతులోనూ కింద పియానో మోగుతూ ఉండాలనుకున్నారు. మాస్టారు నాలుగు ఆవర్తాలు ముగించి, అలవాటు కొద్దీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆమె మాత్రం సరిగ్గా సమయానికి అందుకుంది. ట్రంపెట్ కింద పియానో లేదు! ఆమె కంగారుపడలేదు. పాదంతో తాళం వేస్తూ ఒక్క స్వరాన్నే, ఆయన వచ్చి కలిసేదాకా, ఒకే ఊపిరిలో నిలబెట్టింది. అదంతా కావాలని చేశారనుకుని హాలంతా ఈలలు. ప్రిన్సిపాల్ వేదికెక్కి, జాజ్ తరగతి ఎక్కడికీ పోదని మైకులోనే ప్రకటించాడు.

తెర దిగింది. ఆమె ట్రంపెట్ తుడుచుకుంటూ మెల్లగా అంది.

"ఆలస్యమయ్యారు మాస్టారూ."

"అవునమ్మా," అన్నారాయన, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుని. "ఈసారి ఫోన్‌ది కాదు. నాదే."