ఎదుటి స్టాండుకు తాళం వేసి ఉంది

దయ్యాల ముచ్చట్లు వినే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. సూరత్‌లోని ఉధ్నాలో మా గల్లీ ఆడవాళ్లు ఎవరికో గాలి సోకిందని చెప్పుకుంటుంటే లేచి లోపలికి పోయేదాన్ని. నేను రక్త పరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. మిషన్ ఏం చెబితే అది రాస్తాను, చెప్పనిది రాయను. ఇప్పటికీ నా బుద్ధి అంతే. కానీ రెండేళ్ల కిందట పట్టపగలు, జనం మధ్య, ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో నేనూ మా బాపూ చూసినదాన్ని ఏమని రాయాలో నాకు తెలియలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. బాపు ముప్పై ఏళ్లకు పైగా సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు దాదాపు పోయాయి. దగ్గరికి వెళ్లి గట్టిగా అరిస్తే వింటాడు. కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందంటే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఒక సైగ. బయటివాళ్లకు అవి అర్థం కావు. నాకూ కావు. నేను చిన్నప్పటి నుంచి ఆ చప్పుడంటే భయపడి కార్ఖానా గడప తొక్కలేదు.

మా చెల్లె రవళి అలా కాదు. ఏడేళ్లప్పటి నుంచి బాపుకు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా అదే తీసుకెళ్లేది. బాపు బయట వరండాలో తినేదాకా లోపల నిలబడి ఆయన సాంచెలను చూస్తుండేది. పోగు తెగితే పరుగెత్తుకొచ్చి చెప్పేది. అలా ఆ సైగలన్నీ నేర్చుకుంది. ఇంట్లో కూడా వాళ్లిద్దరూ చేతులతోనే మాట్లాడుకుని నవ్వుకునేవాళ్లు. అమ్మా నేనూ చూస్తూ కూర్చునేవాళ్లం.

హైస్కూల్లో రవళి ఫుట్‌బాల్‌లో పడింది. గోల్‌కీపర్. పీటీ నేర్పే హేతల్ మేడమ్ గుజరాతీ ఆవిడ. దాన్ని సొంత పిల్లలా చూసుకునేది. మ్యాచ్ ఉన్నప్పుడల్లా రవళి బాపును రమ్మని అడిగేది. "ఈసారి కాదు బిడ్డా, వచ్చేసారి" అనేవాడు బాపు. పన్నెండు గంటల పాళీ ఆయనది, షిఫ్టు మధ్యలో వదిలి రాలేడు. ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

ఆ సంవత్సరం ముంబై పక్కన ఒక పెద్ద స్టేడియంలో దేశదేశాల అమ్మాయిల ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయని తెలిసింది. మేడమ్ తన టీమును ఒక మ్యాచ్‌కు తీసుకెళ్తానని చెప్పింది. రవళి ఆ స్టేడియం ఫొటోలు ఫోన్‌లో అందరికీ చూపించింది. గడ్డి ఎంత ఎత్తు కోస్తారో, రాత్రిపూట వేసే లైట్లు ఎన్నో కూడా చెప్పేది.

వానాకాలం చివర్లో దానికి జ్వరం వచ్చింది. డెంగ్యూ. పరీక్ష మా ల్యాబులో నేనే చేశాను. నాలుగో రోజు ఆసుపత్రిలో చేర్చాం, ఐదో రోజు ఐసీయూలోకి మార్చారు. ఆరో రోజు మధ్యాహ్నం పోయింది. దానికి పదహారేళ్లు.

ఆ రోజు పొద్దున జరిగిన ఒక సంగతి నేను చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. పదకొండు గంటలకు అద్దం బయటి నుంచి చూడనిచ్చారు. బాపు డాక్టర్ చెప్పిన మందు కోసం బయటికి వెళ్లాడు, అమ్మ మెట్ల మీద కూలబడి ఉంది. అద్దం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. రవళి ముఖానికి మాస్క్ ఉంది. నన్ను చూసి కుడిచెయ్యి ఎత్తింది. వేళ్లన్నీ దగ్గరకు చేర్చి నోటి దగ్గర పెట్టుకుంది. తర్వాత అరచెయ్యి గుండె మీద పెట్టుకుంది. తర్వాత రెండు వేళ్లు కళ్ల కింద ఆనించి, చేతిని రెండుసార్లు పక్కకు తిప్పింది. మళ్లీ అంతా మొదటి నుంచి చేసింది.

దాహం వేస్తోంది, ఛాతీలో నొప్పి, కళ్లు మంట అంటోందని నేననుకున్నాను. నర్సుకు మూడూ చెప్పాను. నోటితో ఇప్పుడేమీ ఇవ్వకూడదమ్మా అందామె. నేను అద్దంలోంచి రవళికి వద్దన్నట్టు చెయ్యి ఊపాను. అది కాసేపు నన్నే చూసి చెయ్యి దించేసింది.

నీళ్లు అడిగిన పిల్లకు వద్దని చెప్పి పంపించానని నాలో నేను కుమిలిపోయాను. బాపుకు చెబితే ఆయన కూడా అదే మోయాలి. అందుకే చెప్పలేదు.

పోటీలు మొదలయ్యే ముందు, దినాలు అయిపోయిన కొన్నాళ్లకు, హేతల్ మేడమ్ మా ఇంటికొచ్చింది. "రవళి సీటు అలాగే ఉంచాను. ఆమె బదులు మీలో ఎవరైనా రండి. ఇంకొకరికి కూడా చోటు ఉంది" అని హిందీలో చెప్పింది. నేను బాపు చెవిలో అరిచి చెప్పాను. రానంటాడనుకున్నాను. గోడ మీద రవళి ఫొటో వైపు చూసి, "పోదాం" అన్నాడు.

పొద్దున బండి ఉధ్నా స్టేషన్‌లో ఎక్కాం. పన్నెండు మంది పిల్లలు, మేడమ్, నేను, బాపు. అమ్మ చపాతీలు, బెండకాయ కూర డబ్బాలో పెట్టి ఇచ్చింది. బాపు బండిలో తినలేదు. చెల్లె పోయినప్పటి నుంచి ఆయన మధ్యాహ్నం తినడం మానేశాడు. కార్ఖానా నుంచి డబ్బా నిండుగానే తిరిగొచ్చేది. అమ్మ తిట్టింది, ఏడ్చింది, ఊరుకుంది.

స్టేడియం గేటు దగ్గర ఆ డబ్బా లోపలికి పంపలేదు. బయటే వదిలేసి లోపలికి వెళ్లాం. మెట్లెక్కి పైకి రాగానే ఒక్కసారిగా ఆ పచ్చదనం కళ్ల ముందుకొచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. బాపు తలెత్తి పైకప్పు చూశాడు. "ఒక్క స్తంభం లేదు. గదెట్ల నిలవడ్డది?" అన్నాడు. సీటులో కూర్చున్నాక చేతులు సీటు పిడుల మీద ఆనించి ఉంచాడు. జనం వాయిస్తున్న డోళ్ల చప్పుడు ఆయనకు చెవుల్లోంచి కాదు, చేతుల్లోంచి తెలుస్తోంది.

నాలుగున్నరకు మ్యాచ్ మొదలైంది. రెండూ ఎక్కడో దూర దేశాల జట్లు.

"మన రవళి నిలవడే జాగ ఏది?" అని అడిగాడు బాపు.

గోల్ ముందు నిలబడిన అమ్మాయిని చూపించాను. నలభై ఐదు నిమిషాలూ ఆయన బంతిని చూడలేదు. బంతి అవతలి కొసలో ఉన్నా సరే, ఇటువైపు ఒంటరిగా నిలబడిన ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాడు.

"బంతి రాకున్నా గట్లనే నిలవడాల్నా?"

"అవును బాపూ. ఎప్పుడొస్తదో తెల్వది గదా."

ఆయన తల ఊపాడు.

సగం ఆట అయ్యాక మేడమ్ పిల్లలను తీసుకుని కింద దుకాణాల వైపు వెళ్లింది. మా వరసలో నేనూ బాపే మిగిలాం. ఎండ ఇంకా ఉంది. మాకు ఎదురుగా, మైదానానికి అవతల, పై అంతస్తు స్టాండు ఖాళీగా ఉంది. అటువైపు టికెట్లు ఇవ్వలేదని, దారులు మూసేశారని మేడమ్ ముందే చెప్పింది. నీలం కుర్చీలు తప్ప ఏమీ లేవు.

బాపు హఠాత్తుగా లేచి నిలబడ్డాడు. ఎదురుగా చూస్తూ చెయ్యి ఎత్తాడు. సైగలు చేస్తున్నాడు. కార్ఖానా సైగలు. నాకు భయమేసింది. ఈ చోటు చూసి ఆయన మనసు చెదిరిందనుకుని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాను. ఆయన కూర్చోలేదు. అప్పుడు నేనూ అటు చూశాను.

ఖాళీ స్టాండులో, పైనుంచి మూడో నాలుగో వరసలో, ఒక మనిషి నిలబడి ఉంది. పసుపు రంగు బట్టలు. సన్నగా ఉంది. అంత దూరంలో ముఖం తెలియదు, నేను ముఖం చూశానని చెప్పను. చేతులు మాత్రం బాగా కనిపించాయి. కుడిచెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. తర్వాత గుండె మీదికి. తర్వాత కళ్ల దగ్గరికి వెళ్లి రెండుసార్లు పక్కకు తిరిగింది. ఆగి, మళ్లీ మొదటి నుంచి.

ముందు సీటు పట్టుకుని నిలబడ్డాను. బాపు చెవిలో అరిచాను. "ఏమంటుంది బాపూ?"

ఆయన నా వైపు తిరగలేదు. రోజూ చెప్పే మాటలా చెప్పాడు. "నువ్వు పోయి తిను, నేను చూసుకుంట అంటుంది."

జట్లు మళ్లీ మైదానంలోకి వచ్చాయి. మా ముందు వరసల్లో జనం లేచి జెండాలు ఊపారు. వాళ్లు కూర్చునేసరికి ఎదురుగా ఎవరూ లేరు. కుర్చీలే ఉన్నాయి.

బాపు కాసేపు అలాగే చూసి, నా వైపు తిరిగి, "ఆకలైతుంది. ఏమన్న దొరుకుతదా ఇక్కడ?" అన్నాడు. నేను కిందికి వెళ్లి రెండు వడాపావ్‌లు తెచ్చాను. రెండూ ఆయనే తిన్నాడు. తింటున్నంతసేపూ కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు.

ఆట మిగతా భాగం నాకు గుర్తు లేదు. బయటికి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర నిలబడిన వాలంటీరు కుర్రాణ్ని అడిగాను, ఎదుటి స్టాండు పైకి ఎవరైనా వెళ్లారా అని.

"ఉధర్ తో సుబహ్ సే తాలా లగా హై, దీదీ" అన్నాడు. పొద్దుటి నుంచీ తాళమేసి ఉందని. శుభ్రం చేసేవాళ్లు వెళ్లి ఉండొచ్చు కదా అన్నాను. వాళ్లయినా మ్యాచ్ అయ్యాకే వెళ్తారన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే బాపు వచ్చి నీడలో కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను. ఆసుపత్రి అద్దం, మాస్క్, చెయ్యి, నర్సు, అంతా. చెవిలో అరుస్తూ చెప్పాల్సి వచ్చింది, పక్క డాబాల వాళ్లు వింటున్నా ఆపలేదు. రవళి చేసినట్టే చేసి చూపించమన్నాడు. చూపించాను.

"చివరికి చెయ్యి ఎన్నిసార్లు తిప్పింది?"

"రెండుసార్లు."

"అందరు ఒక్కసారే తిప్పుతరు. రెండుసార్లు తిప్పేది అదొక్కతే. నాయి రెండు వరసల సాంచెలు గదా, రెండూ చూస్త అని."

నేను ఏడ్చాను. "నీళ్లడిగిందనుకున్న బాపూ. నేనే వద్దన్న."

ఆయన నా తల దగ్గరకు తీసుకున్నాడు. "నీకా సైగలు రావు గదా బిడ్డా. నన్ను తిని రమ్మని చెప్పమన్నది, అంతే. పొద్దటి నుంచి నేనేం తినలేదని దానికి ఎరికే." తర్వాత, "నేను ఆ అద్దం కాడ ఉండాల్సింది" అన్నాడు.

తర్వాత తీరిగ్గా ఆలోచించాను. ఆ స్టేడియానికి భివండి దూరం కాదు. అక్కడా సాంచెలున్నాయి, మన తెలుగువాళ్లున్నారు. ఆ సైగలు తెలిసిన ఎవరో పిల్ల ఎలాగో పైకెక్కి ఉండొచ్చు. కానీ అంత జనంలో మా వైపే తిరిగి, ఆ ఒక్క మాటే ఎందుకు చెబుతుంది? పోనీ బాపు దుఃఖంలో అలా చూశాడు, ఆయన్ను చూసి నేనూ చూశాననుకుందాం. అయితే ఆసుపత్రి సైగ సంగతి అప్పటికి ఆయనకు నేను చెప్పనే లేదు కదా. ఆయన నోటితో చెప్పేదాకా దాని అర్థం నాకూ తెలియదు.

మ్యాచ్ వీడియో వెతికి చూశాను. విరామంలో ప్రకటనలే ఉన్నాయి. ఆటలో కెమెరా అటు తిరిగినప్పుడల్లా ఆ స్టాండు ఖాళీగానే ఉంది.

పది రోజుల తర్వాత టీములోని ఒక అమ్మాయి తన ఫోన్‌లో తీసిన ఫొటో ఒకటి పంపింది. పాప్‌కార్న్ పట్టుకుని మెట్లెక్కి వస్తూ మా వరసను తీసిందట. "అక్కా, మీరిద్దరూ ఎవరికి టాటా చెబుతున్నారు?" అని రాసింది. ఫొటోలో బాపు నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు. పక్కన నేను. నా చెయ్యి కూడా పైకి ఉంది. బొటనవేలు మడిచి, నాలుగు వేళ్లు ముందుకు వంచి. నేను చెయ్యి ఎత్తినట్టు నాకు గుర్తు లేదు. ముందు సీటు పట్టుకుని నిలబడటమే గుర్తుంది. బాపుకు చూపిస్తే, అది "సరే, విన్న" అనే సైగ అన్నాడు. ఆ సైగ నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఈ విషయం అమ్మకు చెప్పొద్దనుకున్నాం. కానీ బాపు డబ్బా ఖాళీగా తిరిగి రావడం చూసి ఆమె అడగడం మొదలుపెట్టింది. ఒకరోజు కూర్చోబెట్టి అంతా చెప్పాను. నమ్మదనుకున్నాను, లేదా శాంతి చేయించాలంటుందనుకున్నాను. అమ్మ రెండూ అనలేదు. ఫొటో చేతిలోకి తీసుకుని, మేము చూస్తున్న వైపు, ఫొటో అంచు అవతల, ఇంకేమైనా ఉందేమో అన్నట్టు చాలాసేపు చూసింది.

"సన్నగ ఉండె అంటివి గదా. ఇంక బక్కగైందా?" అని అడిగింది.