నాన్న వేసిన దింపు కేక

దెయ్యాల సంగతులు మొదలెడితే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. బీయస్సీలో ఫిజిక్సు చదివాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళూ జంకాను.

మా నాన్న అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. పైన గెల నరికే ముందు, కిందవాళ్ళు పక్కకి జరగడానికి కేక వెయ్యాలి. చిన్నప్పుడు కింద కాయలు పోగేసేది నేనే కాబట్టి ఆయన కేక ఎప్పుడూ ఒకటే. "చిట్టెమ్మా, తప్పుకో!" అది వినగానే పక్క చెట్టు మొదలు వాటేసుకుని కూర్చునేదాన్ని.

ఎనభైల మొదట్లో నేను ఎయిర్‌హోస్టెస్‌గా చేరాక కూడా ఆ కేక మారలేదు. ఆయనతో పనికెళ్ళే మా సత్తిబాబు మావయ్య వేళాకోళం చేసేవాడు.

"మీ చిట్టెమ్మ విమానంలో తిరుగుతుంది బావా. కిందున్నది నేను."

"ఆయ్, నువ్వూ తప్పుకో" అనేవాడు నాన్న.

మోకాళ్ళు అరిగిపోయాయి, ఇంక చెట్లెక్కొద్దని బతిమాలాను. "నీ ఉద్యోగం పర్మనెంటయిన రోజున మానేస్తానమ్మా. అప్పటిదాకా అడక్కు" అన్నాడు.

పర్మనెంటయింది. ఆ కాగితం కనబడ్డవాళ్ళందరికీ చూపించాను, ఒక్క నాన్నకి తప్ప. ఆయనకి చదవడం రాదు. ఉత్తరం రాస్తే ఇంకెవరో చదివి చెబుతారు. నా నోటితో చెప్పి ఆయన ముఖం చూడాలి. పదిరోజుల్లో సెలవు. కాగితం బ్యాగులో పెట్టుకుని, పొంగిపోతూ తిరిగాను.

తొమ్మిదో రోజు ఉదయం హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్నాం. బయట ఒక్క మబ్బు లేదు. సీటు బెల్టు దీపాలు ఆర్పేసి చాలాసేపయింది. నేనూ, నాతోపాటు పనిచేసే షీలా టీ బండి తోస్తున్నాం. అప్పుడు వినిపించింది, నా నెత్తిమీద నుంచి, చాలా ఎత్తు నుంచి.

"చిట్టెమ్మా, తప్పుకో!"

ఆలోచించలేదు. రెండడుగులు వెనక్కి వేసి, కూలబడి, సీటు కాలు వాటేసుకున్నాను.

"ఏమైంది? కళ్ళు తిరిగాయా?" అంది షీలా నవ్వుతూ.

అంతే. విమానం ఒక్కసారిగా కిందికి జారిపోయింది. షీలా ఎగిరి కప్పుకి కొట్టుకుంది. టీ బండి పైకి లేచి, నేను అంతకుముందు నిలబడ్డ చోటే పడింది. ఒక నిమిషం పాటు కుదిపి కుదిపి వదిలింది. షీలా చెయ్యి విరిగింది. నాకు గీత కూడా పడలేదు.

కిందికి దిగాక కెప్టెన్ నన్ను పిలిచారు. "రాడార్లో నాకే ఏమీ కనబడలేదు. నువ్వు ముందే ఎలా కూర్చున్నావు?" అన్నారు. కళ్ళు తిరిగాయన్నాను. ఆయన రాసిన రిపోర్టులో కుదుపు సమయం పదీ ఇరవై.

ఆ సాయంత్రమే నాన్న పోయాడని టెలిగ్రాం వచ్చింది. నేను ఇల్లు చేరేదాకా పాస్టరుగారు పెట్టె మూయనివ్వలేదట.

నా మొదటి జీతంతో నాన్నకి కొన్న వాచీ సత్తిబాబు మావయ్య నా చేతిలో పెట్టాడు.

"ఎక్కేముందు రోజూ ఇప్పి నాకిచ్చేవోడమ్మా. నిన్నా ఇచ్చేడు. పైకెళ్ళి నీ పేరెట్టి కేకేసేడు. గెల పడతాదని తప్పుకున్నాను. చూస్తే కత్తి మొల్లోనే ఉంది, గెల ముట్టుకోనేలేదు. తనే కిందకి వచ్చేసేడు." వాచీ మీద వేలు పెట్టి చూపించాడు. "పరిగెత్తేటప్పుడు వాచీ చేతిలోనే ఉందమ్మా. పదీ ఇరవై."

నిర్మలమైన ఆకాశంలో విమానం ఎందుకు కుదుపుకు లోనవుతుందో నేను చెప్పగలను. గెల నరకకుండా ఆయన ఎందుకు కేక వేశాడో, అది నాకెలా వినిపించిందో చెప్పలేను.

కాగితం వచ్చిన రోజునే ఒక్క టెలిగ్రాం కొట్టి ఉంటే నాన్న ఆ చెట్టెక్కేవాడు కాదు. అప్పుడు ఆ విమానంలో నన్ను తప్పుకోమనేది ఎవరు? ఇంతకాలమైనా నాకు తేలలేదు.