ముందు పెట్టిన షరతు

ఆ రోజు తప్పు నాది. అయినా పెడన నుంచి వచ్చిన పెద్దాయన్ని, గుడ్డలకు రంగులద్దే నలుగురు తోటి అద్దకందార్ల ముందు, అనుమానించాను.

మచిలీపట్నంలో ఒక కలంకారీ వ్యాపారి దగ్గర ప్రోగ్రాములు రాసేవాణ్ణి. గుడ్డల వివరాలన్నీ ఎక్స్ఎమ్ఎల్ ఫైల్లో ఉండేవి. ఎగ్జిబిషన్ కోసం ఒక్కో అద్దకందారుకు సహజ రంగుల గుడ్డల్లో మొదటిదాన్ని ఎంచాలి. ఆ పెద్దాయనది ఒక్కటీ రాలేదు.

"మా గుడ్డ లేదేంటండీ?"

"మీరు కెమికల్ రంగుల్లోకి దిగారుగా బాబాయ్ గారూ! కంప్యూటరే చెబుతోంది."

"దానికి ముక్కు లేదు కదండీ. మీకుందిగా, వాసన చూడండి" అంటూ మూట విప్పారు.

పైనున్నది కెమికల్ గుడ్డే. త్వరగా అమ్ముడయ్యేదాన్ని పైన పెట్టడం ఆయన అలవాటు. కింది గుడ్డలన్నీ సహజ రంగుల అద్దకంలో వాడే కరక్కాయ వాసన వేశాయి. మూటలోని వరసే ఫైల్లోకీ ఎక్కింది.

అప్పుడు, ఫైల్లోంచి కావలసినవాటిని ఏరడానికి నేను రాసిన ఎక్స్‌పాత్ వాక్యం చూసుకున్నాను. 'మొదటిది' అన్న షరతు ముందు, 'సహజ రంగు' అన్నది తర్వాత పెట్టాను. దాంతో ప్రోగ్రాం ప్రతి ఒక్కరి మొదటి గుడ్డనే తీసుకుని, అది కెమికల్‌దైతే వదిలేసింది. రెండోదాన్ని చూడనే లేదు. షరతులు రెండూ ఉన్నాయిగా, ఏది ముందైతేనేం అనుకున్నాను.

షరతుల వరస మార్చగానే ఆయన గుడ్డ వచ్చింది. నా మాట మాత్రం అప్పటికే పెడన చేరిపోయింది. సాయంత్రం బస్సెక్కి వెళ్లి, వాళ్లు గుడ్డలు జాడించే కాలవ గట్టున, అందరూ వింటుండగా ఆయనకు క్షమాపణ చెప్పాను.