ముందుగది మోడెం, వెనకగది మాటలు

మా వీధిలో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనే పిలుస్తారు. డ్రైవింగు స్కూలు నడుపుతారు. నేర్చుకునేవాళ్ల కారులో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, దాని మీద నుంచి ఆయన కాలు తీయగా చూసినవాళ్లు లేరు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఎదురుగా సీతాకోకచిలుక అడ్డం వచ్చినా కారు ఆగిపోయేది. "నేను తొక్కలేదు సార్" అంటే, "నేను తొక్కాను. నువ్వెప్పుడు తొక్కుతావా అని జాతకం చూసుకుంటూ కూర్చోమంటావా?" అనేవారు. ఇంట్లోనూ అంతేనట. భార్య ఏదైనా సంగతి గబగబా చెబుతుంటే సోఫాలో కూర్చున్న మాస్టారి కుడికాలు తనకు తెలియకుండానే నేలను నొక్కుతుందని ఆవిడే చెప్పింది.

ఈ మోడెం గొడవ కూడా ఆవిడ చెబితేనే నాకు తెలిసింది. మాస్టారు చెప్పే వరస వేరు. అందులో ఆయన ఒక్క తప్పూ చేయరు, ఎవరి సాయమూ తీసుకోరు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, నేను ఆవిడ మాటే నమ్మాను.

ఆవిడ స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాటలు కూడదీయడం ఆవిడ పని. చాలాకాలం ఆసుపత్రిలో చేసి, మోకాళ్లు మొరాయించాక ఇంట్లోనే కూర్చుని వీడియోలో చేస్తోంది. వాళ్ల ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. ముందుగది, భోజనాల గది, వంటిల్లు, అది దాటితే వెనకగది. వీధి రొద వినపడదని ఆవిడ వెనకగదిని ఎంచుకుంది. అక్కడ ఒక బల్ల, లాప్‌టాప్, బొమ్మల కార్డులు, పెదాల కదలిక చూపించడానికి ఒక చేతి అద్దం.

చిక్కల్లా నెట్టుతోనే. కంపెనీవాళ్లు వచ్చినప్పుడు తీగ ఏ కిటికీలోంచి లోపలికొచ్చిందో ఆ కిటికీ పక్కనే మోడెం బిగించి చక్కా పోయారు. అది ముందుగది. సిగ్నలు భోజనాల గది దాకా హుషారుగా వచ్చేది, ఫ్రిజ్జు దగ్గర నీరసపడేది, వెనకగది గుమ్మంలో చతికిలపడేది.

అప్పట్లో ఆవిడ దగ్గరికి వీడియోలో వచ్చేవాళ్లలో ఒక పెద్దాయన ఉండేవారు. కోర్టులో సాక్షుల పేర్లు పిలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వరండా చివర కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేచేంత గొంతట ఆయనది. ఇప్పుడు ఆ గొంతులో నుంచి ఒక్క మాట బయటికి రావాలంటే మొహమంతా చెమట పట్టేది. ఆవిడ గొడుగు బొమ్మ చూపించేది. ఆయన పెదాలు గుండ్రంగా చుట్టేవారు. "గొ..." అనేవారు. సరిగ్గా అక్కడ తెర బిగుసుకుపోయేది.

ఆగింది ఆయన మాటో, ఇంట్లో నెట్టో ఆవిడకు తెలిసేది కాదు. ఆగింది మాటైతే కదలకుండా ఎదురుచూడాలి, మధ్యలో అందించకూడదు. ఆగింది నెట్టైతే ఎంత ఎదురుచూసినా లాభం లేదు. ఒకరోజు అలాగే ఎదురుచూసి, చివరికి అనుమానం వచ్చి ఫోన్ చేస్తే, ఆయన ఎప్పుడో "గొడుగు" అనేశారని, మెచ్చుకోలేదని చిన్నబుచ్చుకుని కుర్చీలోంచి లేచిపోయారని ఆయన కోడలు చెప్పింది. ఆ పూట ఆవిడ అన్నం సరిగా తినలేదు.

"ఏవండీ, మా తమ్ముణ్ణి పిలుద్దామా?" అంది భర్తతో. ఆవిడ తమ్ముడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు.

మాస్టారికి ఆ మాట రుచించలేదు. కారణముంది. బావమరిదికి డ్రైవింగు నేర్పింది ఆయనే. నేర్చుకునే రోజుల్లో అతను వెనక్కి నడుపుతూ వీళ్ల ఇంటి గేటు స్తంభాన్నే గుద్దాడు. ఇంటికి ఎవరొచ్చినా మాస్టారు మంచినీళ్లకంటే ముందు ఆ సొట్ట చూపిస్తారు. అలాంటివాణ్ణి పిలిచి, కాస్త మా నెట్టు చూసిపెట్టు నాయనా అని ఎలా అడుగుతారు?

"స్తంభం కనపడనివాడికి సిగ్నలు కనపడుతుందా? నేను చూసుకుంటాలే" అన్నారు.

మర్నాడే నాలుగు కొమ్ముల రౌటర్ ఒకటి కొనుక్కొచ్చారు. పెట్టెలోంచి తీసి బల్ల మీద పెడితే తిరగబడ్డ పీతలా ఉంది. "తగిలించడమేనట, ఇక చూసుకోనక్కర్లేదట" అని షాపువాడి మాటే అప్పజెప్పి, సెలవురోజు పొద్దున్నే పనిలోకి దిగారు.

దాని వెనక ఒకే రంగువి నాలుగు కంతలున్నాయి. పక్కన వేరే రంగుది ఒకటి ఒంటరిగా ఉంది. మాస్టారు మోడెం నుంచి వచ్చిన కేబులు తీసుకెళ్లి ఆ నాలుగింటిలో ఒకదాంట్లో గుచ్చారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. "గ్రీన్ సిగ్నల్!" అని వంటింటి వైపు కేక వేశారు.

ఆవిడ ఫోన్ చూసుకుంది. కొత్త పేరుతో వైఫై అయితే కనపడింది. కలిపితే కలిసింది. దాని కిందే 'ఇంటర్నెట్ లేదు' అని ఉంది. సరేలే అని పాత వైఫైకి మారితే అక్కడా అదే మాట.

"ఏవండీ, నిన్నటిదాకా వంటిల్లు దాకానైనా వచ్చేది. ఇప్పుడు ముందుగదిలో కూడా లేదు."

"ఇంజను వేడెక్కాలి. కాసేపు ఆగు."

కాసేపు ఆగారు. ఇంజను వేడెక్కలేదు గానీ మాస్టారు వేడెక్కారు. కళ్లజోడు తెచ్చుకుని, చీమ తలకాయంత అక్షరాలున్న కాగితం చదివి, కేబులు గుచ్చాల్సింది ఒంటరి కంతలో అని కనుక్కున్నారు. "తెలుసు, ముందు ఇది పరీక్షించాను" అంటూ మార్చారు. అయినా రాలేదు. ఇక తప్పదని కంపెనీకి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టమని భార్య పట్టుపట్టింది.

అవతల ఒకమ్మాయి, మెత్తని గొంతు. "మోడెం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?"

"చేశాను."

"ఎప్పుడు చేశారు సార్?"

"ఇప్పుడే. మీకు ఫోన్ చేసేముందు."

ఆ అమ్మాయి కొంచెం తటపటాయించింది. "మా దగ్గర కనపడుతోంది సార్. మీ మోడెం పోయిన నెల నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు."

అద్దం చూడకుండా చూశామని చెప్పేవాళ్లను మెడ కండరం కదలికను బట్టి పట్టేసే మనిషి మా మాస్టారు. నన్నే ఎన్నిసార్లు పట్టుకున్నారో. అలాంటాయన మొహం ఆ క్షణంలో ఎలా ఉందో చూడలేకపోయానే అని నాకిప్పటికీ బాధ. ఆవిడ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయిందట.

మాస్టారు మోడెం ఆపి, మళ్లీ వెలిగించారు. ఈసారి నిజంగానే. అయినా రాకపోయేసరికి ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది.

"సార్, మీ మోడెం లోపలే ఒక రౌటర్ ఉంది. ఇంట్లో ఏ ఫోన్‌కి ఏ నంబరు ఇవ్వాలి, ఎవరికొచ్చింది ఎవరికి పంపాలి అని చూసేది అదే. మీరు కొన్నదీ అదే పని చేస్తుంది. రెండూ ఒకే వరస నంబర్లు వాడేస్తున్నాయి. ఎటు పంపాలో దానికీ తెలియట్లేదు, దీనికీ తెలియట్లేదు."

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "అంటే ఒకే కారులో ఇద్దరు మాస్టార్లు కూర్చున్నారు."

"అలాగే అనుకోండి సార్. ఒకరు ఊరుకోవాలి. మోడెంని మేం ఇక్కడి నుంచి బ్రిడ్జ్ మోడ్‌లో పెడతాం. అప్పుడది వచ్చిన నెట్టు వచ్చినట్టు మీ రౌటర్‌కి అందించేసి ఊరుకుంటుంది. మిగతాదంతా రౌటర్ చూసుకుంటుంది. కాకపోతే మోడెం వైఫై ఇక రాదు. మా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లో మీరే ఎక్కించుకోవాలి. మెసేజ్ పంపుతాను. పెట్టేయమంటారా?"

మాస్టారి కాలు నేలను గట్టిగా నొక్కింది. నడిచేదాన్ని ఆపేసి, ఇంకా నడవనిదాన్ని నమ్ముకోవాలి. ఆ సాయంత్రమే కోర్టు పెద్దాయనకు క్లాసు. మాస్టారు భార్య వైపు చూశారు. ఆవిడ, కానివ్వమన్నట్టు తలాడించింది.

"పెట్టేయమ్మా."

మెసేజ్ వచ్చింది. ఆవిడ లాప్‌టాప్‌ని రౌటర్‌కి కలిపి ముందుగదిలోనే కూర్చుంది. మాస్టారు ఫోన్ చూస్తూ పాస్‌వర్డ్ చదవడం, ఆవిడ కొట్టడం. ఆయన రేడియోలో ఆట వర్ణించేవాడిలా చదివేశారు. రౌటర్ తప్పన్నది. మళ్లీ చదివారు, ఇంకాస్త గట్టిగా. మళ్లీ తప్పన్నది.

"కంపెనీవాళ్లే తప్పుగా పంపారు" అని తేల్చేశారు మాస్టారు.

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "కంగారేం లేదు. ఊపిరి పీల్చుకోండి. ఒక్కొక్కటే చూపించి, అదేమిటో చెప్పండి."

"నేనేమన్నా నీ పేషెంటునా?"

"మా పేషెంట్లు నయం. తెలియకపోతే తెలియదని తల ఊపుతారు. ఊఁ, మొదటిది?"

ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్లారు. సున్నా అని ఆయన చదివినది సున్నా కాదు, పెద్ద ఓ. ఒకటి అని చదివినది చిన్న ఎల్. ఆవిడ నెమ్మదిగా కొట్టింది. చక్రం కాసేపు తిరిగి, పేజీ మారింది. ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే టింగుమన్నాయి, పొద్దుటి నుంచి రాని వాట్సాప్ మెసేజీలన్నీ వచ్చిపడ్డాయి.

మాస్టారు లేచి చొక్కా సర్దుకున్నారు. "చూశావా!"

"చూశాను. కానీ ఇదీ ముందుగదిలోనే ఉంది కదండీ."

మాస్టారు పీత వైపు చూశారు, మోడెం వైపు చూశారు, పొడుగాటి ఇంటివైపు చూశారు. పెట్టెలో ఇచ్చిన కేబులు మూరెడు కూడా లేదు.

ఆవిడ అప్పటికే తమ్ముడికి ఫోన్ చేసేసింది. పొడుగు కేబులు తెమ్మంది. "కేబులు తీసుకురా, నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా" అని మరీ చెప్పింది.

బావమరిది అక్షరాలా అలాగే చేశాడు. కేబులు చుట్ట బావగారి చేతికిచ్చి, టీ గ్లాసుతో ఓ మూల కూర్చున్నాడు. రౌటర్ ఎందుకు రాలేదని అడగలేదు, ఎలా వచ్చిందనీ అడగలేదు. ఆ మౌనం మాస్టారిని గిల్లింది.

"ఏమంటావోయ్?"

"ఏమీ అనను బావగారూ."

మాస్టారు స్టూలెక్కి గోడ వెంట కేబులుకు క్లిప్పులు కొట్టుకుంటూ వెళ్లారు. వంటింటి గుమ్మం దగ్గర కిందికి దించి, తలుపు సందులోంచి లాగి, వెనకగదికి చేర్చారు. తలుపు వేసి చూస్తే పడదు. అడ్డంగా కేబులు నలుగుతోంది.

"ఇందాకటి నుంచి చూస్తూనే ఉన్నావు కదా! చెప్పొద్దూ?"

"అక్క మాట్లాడొద్దంది."

ఇద్దరూ కలిసి క్లిప్పులు ఊడబెరికి, ఈసారి తలుపు పైనుంచి చుట్టూ తిప్పారు. ఒకరు స్టూలు పట్టుకుంటే ఒకరు సుత్తి పట్టుకున్నారు. మధ్యలో ఎప్పుడో బావమరిది నవ్వేశాడు, మాస్టారూ నవ్వేశారు. అయినా స్తంభం సంగతి వదిలిపెట్టలేదు. "స్టూలు వెనక్కి జరుపు. చూసి జరుపు, గేటుందేమో" అన్నారు.

సాయంత్రానికి రౌటర్ వెనకగది బల్ల మీదికి చేరింది, కోర్టు పెద్దాయన తెర మీదికొచ్చారు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, ఆయన చొక్కా గుండీ ఒకటి తప్పు కంతలో పెట్టుకున్నారని కూడా తెలుస్తోంది. ఆవిడ తాళంచెవి బొమ్మ చూపించింది. ఆయన చూశారు. పెదాలు కదిపారు. ఆగారు. కదలకుండా ఉండిపోయారు.

మాస్టారు గుమ్మం పక్కన పొంచి చూస్తున్నారు. పొద్దుటి నుంచి పడిన పాటంతా వృథా అనుకున్నారు. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని గదిలోకి దూసుకొచ్చి, భార్య భుజం మీదుగా తెర దగ్గర మొహం పెట్టి, "ఆగిపోయిందా? మళ్లీ ఆగిపోయిందా?" అని అరిచారు.

తెర ఆగలేదు. పెద్దాయన కనుబొమలు పైకి లేచాయి. సుత్తి దెబ్బల సున్నం తలనిండా, చేతిలో ఆయుధం, తెరనిండా ముక్కు. ఆయన ఆ ముక్కు వైపే చూశారు.

"ఎవ...రు?"

ఆవిడ చేతిలోని కార్డు కిందపడింది. అన్ని వారాలూ ఆయన బొమ్మలకు పేర్లు చెప్పడానికే తంటాలు పడ్డారు. ఎవరూ అడక్కుండా, తనంతట తాను ఒక ప్రశ్న వేయడం అదే మొదలు. అవతల కోడలు పరుగెత్తుకొచ్చి, "మామయ్యా, మళ్లీ అనండి!" అంది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఆయనకు జవాబు కావాలి.

"ఎవరు?" అన్నారు, ఈసారి కోర్టు గొంతు ఛాయ కాస్త తగిలింది.

సాక్షి బోనెక్కినట్టు మాస్టారు నిటారుగా నిలబడ్డారు. "నేనండీ, ఈవిడ భర్తని. నెట్టు బాగుచేయడానికి వచ్చాను."

అప్పటి నుంచి ఆ పెద్దాయన క్లాసులో మాస్టారికీ ఓ కుర్చీ వేశారు. ఆయన కనపడకపోతే పెద్దాయన మాట్లాడడం మానేస్తున్నారట. మాస్టారు వెళ్లి కూర్చుని ఆ రోజు రోడ్డు మీద చూసిన చోద్యాలన్నీ చెబుతారు, పెద్దాయన మధ్యలో ఒక్కో మాట అడుగుతారు. ఇబ్బందల్లా ఒక్కటే. పెద్దాయన మాట కోసం తడుముకుంటుంటే మాస్టారు ఉండబట్టలేక తానే అందించేస్తున్నారు. "లా..." అనగానే "లారీ!" అంటారు. ఆయన అనబోయింది లాయరట. ఆవిడ రెండుసార్లు కసిరింది, మూడోసారి కుర్చీ కెమెరా అవతలికి జరిపేస్తానని బెదిరించింది. ఈమధ్య వెళ్లి చూస్తే మాస్టారు అరచేత్తో నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నారు. తెర మీద పెద్దాయన ఏదో మాట వెతుక్కుంటున్నారు. గదిలో ఎవరూ తొందరపడటం లేదు.