ముగ్గురు రాజుల కేకు

ఆ ఉదయం పక్క ఫ్లాట్ బాల్కనీలో పళ్ళెం నిండా నారింజ తొక్కలు ఎండుతున్నాయి. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఆంటీ పెట్టినవి. వాటి మీద సన్నగా ఇసుక పడి ఉంది. ఏదైనా గుడ్డ కప్పుదామని చూస్తుంటే ఆమె భర్త, మా అంకుల్, ఫోన్ చేశారు. ఆంటీ ఇక లేరు.

ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే ఈ అరబ్బు పేటలో మా రెండు కుటుంబాలదీ ఒకే గోడ. ఆంటీది గుంటూరు. చిన్నప్పుడు హాస్టల్లో ఒక సిస్టర్ నేర్పిన పాతకాలపు కేకును ఏటా జనవరిలో, ముగ్గురు రాజుల పండుగకి చేసేవారు. బాలయేసును చూడటానికి తూర్పు నుంచి రాజులు వచ్చిన పండుగ అది. కేకులో ఒక ఎండు చిక్కుడు గింజ దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే సాయంత్రం దాకా వాళ్ళదే రాజ్యం.

కేకులో వేసే పండ్లు రమ్ములో నానాలని నేనెక్కడో చదివాను. ఒకసారి ఆంటీతో ఆ మాటే అన్నాను.

“రమ్ము మాఫీ, ఇక్కడ లేదు! చిక్కటి టీ చాలు,” అన్నారు ఆంటీ, సీసాలోకి ఖర్జూరాలు తరిగి వేస్తూ. “ఆ రాజులు ఎడారిలో పడి వచ్చారే. దారిలో ఏం తినుంటారు? ఇవే. నీ పుస్తకం రాసినాయన ఎడారి చూశాడా?”

ఇంటికి ఎవరొచ్చినా నేను పుస్తకంతో లోపలి గదిలోకి వెళ్ళిపోతాను. ఆంటీ ఆ గుమ్మం దాకా వచ్చి పిలిచేవారు. “కాన్వెంటు పిల్లా, పేజీ మడిచి రా. గుడ్లు గిలక్కొట్టాలి.” నేను మెల్లగా కొడుతుంటే, “బతిమాలకే, కొట్టు!” అనేవారు. పిండిలో గరిట తూర్పు నుంచి పడమరకే లాగాలి, రాజులు వచ్చిన దారిన. కిటికీలోంచి ఎదురు మసీదును చూసి, అది మక్కా వైపు తిరిగి ఉంది కాబట్టి అటే పడమర అని పోల్చుకునేవారు.

ఒక ఏడాది గింజ నాకొచ్చింది.

“ఆజ్ఞ, మహారాణీ!” అని అంకుల్ చేతులు కట్టుకున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

“కాసేపు ఎవరూ మాట్లాడకండి,” అన్నాను.

ఆంటీ పెదాలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి కూర్చున్నారు. చివరికి నాకే నవ్వొచ్చింది.

“ఏం రాణివే తల్లీ! నా ప్రాణం తోడేశావు,” అన్నారు. తర్వాత వంటింట్లో మెల్లగా, “నీ మాటకి ఇంతమందిమి ఆగాం, చూశావా?” అన్నారు. ఆ ఒక్క మాట నాకెంత ఆసరా అయిందో ఆమెకు చెప్పలేదు.

అంకుల్ ఆమెను గుంటూరు తీసుకెళ్ళి సమాధి చేసి, ఇల్లు ఖాళీ చేయడానికి ఒక్కరే తిరిగి వచ్చారు. పండుగ ముందురోజు ఆయన పండ్ల సీసా పట్టుకుని చెత్తడబ్బా వైపు వెళ్తుంటే చూశాను.

“అది నాకివ్వండి అంకుల్.”

ఆయన ఆగారు. “ఇప్పుడెవరు తింటారమ్మా?”

“మనమే.”

ఒక్కదాన్నే గుడ్లు గిలక్కొట్టి చేశాను. గింజ మాత్రం వేయలేదు. కేకు నడుమ కాస్త కుంగింది. అంకుల్ కోసి అందరి ముందూ పెట్టారు గానీ ఎవరి చెయ్యీ కదల్లేదు. ఆయన ఊరికే పళ్ళెం వైపు చూస్తున్నారు. అమ్మ ముందుగా ఒక ముక్క అందుకుంది. పొడి కూడా మిగల్చకుండా తిని, “వదిన చేతి రుచే అన్నయ్యగారూ, తినండి,” అంది. అప్పుడు ఆయన తిన్నారు.

మా అమ్మ గుడ్డు తినదు. ఇన్నేళ్ళూ ఆంటీ ఆమె కోసం పెరుగు పోసి, చిన్న గిన్నెలో వేరే కేకు చేసేవారు.